పక్షం పేరు పగ పేరైన వైనం: పల్నాడులో ‘ఫ్యాక్షన్’

పల్నాడులో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా ‘మీ ఊళ్లో ఫ్యాక్షన్ ఉందటగా’ అని అడిగి చూడండి. ‘అబ్బే, ఫ్యాక్షనేం లేదండీ, పార్టీలున్నాయి అంతే’ అంటారు. కాస్త చనువు దొరికితే ‘ఆ గొడవలన్నీ మాకు కాదు, అదుగో ఆ ఊళ్లో’ అని చెయ్యి చూపిస్తారు. ఆ ఊరికెళ్తే అక్కడి చెయ్యి ఇటు చూపిస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లు జిల్లా మొత్తానికీ అంటించిన మాట ఇది. తీరా జిల్లాలోకి వచ్చి వెతికితే, అది తనదని ఒప్పుకునే ఊరు ఒక్కటీ దొరకదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా పుట్టింది. కొత్త జిల్లాకి కలెక్టరేటు కన్నా ముందే ఈ పేరు వచ్చి కూర్చుని ఉంది.

‘ఫ్యాక్షన్’ ఇంగ్లిషు మాటే. కానీ మనం వాడే అర్థంలో దాన్ని ఇంగ్లిషువాడి ముందు పెడితే తికమకపడతాడు. వాళ్ల భాషలో అది ఒక గుంపు పేరు. పెద్ద సంస్థలోనో పార్టీలోనో లోపల్లోపలే చీలి, తన మాట నెగ్గించుకోవాలని చూసే చిన్న జట్టుకి ఆ పేరు. మన దగ్గర అది పగ పేరు, ఇంకా చెప్పాలంటే పగతో బతికే పద్ధతి పేరు. ‘వాళ్ల నాన్న ఫ్యాక్షన్ చేసేవాడు’, ‘అన్న ఫ్యాక్షన్లో పోయాడు’, ‘ఇప్పుడు ఫ్యాక్షన్ తగ్గింది’. ఈ మూడింటిలో ఒక్కటీ నేరుగా ఇంగ్లిషులోకి పోదు. అక్కడ ఫ్యాక్షన్‌ని ఎవరూ చెయ్యరు, ఎవరూ అందులో పోరు. ‘ఫ్యాక్షనిస్టు’ పాత ఇంగ్లిషు పుస్తకాల్లో ఉన్నాడు గానీ ఇవాళ మన దేశం బయట కనిపించడం అరుదు. మనం ఫ్యాక్షన్ అనే చోట వాళ్లు ‘ఫ్యూడ్’ అంటారు, లేదా ఇటలీ నుంచి తెచ్చుకున్న ‘వెండెట్టా’ అంటారు.

పరాయి మాట మన నోట్లో పడి అర్థం మార్చుకోవడం తప్పేమీ కాదు, భాషలన్నీ అలాగే పెరిగాయి. ఇక్కడ పట్టించుకోవలసిన సంగతి వేరే ఉంది. గుంపు అన్నామంటే అందులో ఎవరెవరున్నారు, ఎవరు నడిపారు, దేనికోసం కూడారు అని అడగొచ్చు. పగ అన్నామంటే ఆ ప్రశ్నలు రావు. వడగాలిలా అది ఆ నేలకే ఉన్న గుణం అనుకుని ఊరుకుంటాం. పేరు గుంపు మీంచి పగ మీదికి జరగడంతో అడగాల్సిన ప్రశ్నలూ జారిపోయాయి. ఈ మాట గురించి ఇంత రాయడానికి కారణం అదే.

దీని పుట్టుక చూస్తే ఇంత రక్తం కనిపించదు. లాటిన్‌లో ‘ఫకేరె’ అంటే చేయడం, ‘ఫాక్టియో’ అంటే కలిసి పనిచేసే జట్టు. అదే ఫాక్టియో ఫ్రెంచి మీదుగా ఇంకో దారిన వచ్చి ఇంగ్లిషులో ‘ఫ్యాషన్’ అయింది. ఫ్యాక్షనూ ఫ్యాషనూ ఒక తల్లి బిడ్డలే. రోమ్‌లో రథాల పందేలకి దిగే జట్లను ఫాక్టియోలనేవారు. ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు. కాన్‌స్టాంటినోపుల్‌లో 532లో నీలం జట్టువాళ్లూ పచ్చ జట్టువాళ్లూ ఏకమై జస్టీనియన్ చక్రవర్తి మీదే తిరగబడ్డారు. ముప్పై వేల మందికి పైగా చచ్చారని ఆ కాలంవాడే అయిన ప్రొకోపియస్ రాశాడు. పందెంలో పుట్టిన జట్టు యుద్ధం దాకా పోవడం పల్నాటివాళ్లకి వింత కాదు, మన పల్నాటి యుద్ధ కథలోనూ రాజ్యం పోగొట్టింది కోడిపందెమే.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పార్టీకీ ఫ్యాక్షన్‌కీ తేడా ఏమిటన్నది పెద్ద చర్చ. బోలింగ్‌బ్రోక్ రెంటినీ తిట్టాడు. పార్టీ చెడ్డది, ఫ్యాక్షన్ అందులోకెల్లా చెడ్డది అన్నాడు. 1770లో ఎడ్మండ్ బర్క్ పార్టీని ఆ మురికిలోంచి పైకి తీసి, ఒక సూత్రానికి కట్టుబడి దేశం మేలు కోరే మనుషుల కూటమి అని గౌరవం కట్టబెట్టాడు. అమెరికాలో జేమ్స్ మాడిసన్ 1787లో రాసిన ‘ఫెడరలిస్టు’ పదో వ్యాసం మొత్తం ఫ్యాక్షన్ గురించే. ఇతరుల హక్కులకో అందరి మేలుకో అడ్డుపడే ఆవేశమో స్వార్థమో కలిపిన గుంపు అని అతని నిర్వచనం. ఆ గుంపు మైనారిటీ కావొచ్చు, మెజారిటీ కావొచ్చు అని కూడా చేర్చాడు. ఆ చివరి ముక్క మన దగ్గర ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో ఎక్కువమంది ఒకవైపు ఉంటే దాన్ని ‘ఊరు’ అంటాం, తక్కువమంది ఉన్న వైపునే ‘వర్గం’ అంటాం.

పల్లెల్లో కర్రలు పట్టుకుని కొట్టుకోవడానికి ఆ మాట వాడింది మనమే మొదట అనుకోనక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దపు ఐర్లండులో సంతల్లో, తిరనాళ్లలో రెండు జట్లు దుడ్డుకర్రలతో కలబడేవి. వాటిని ‘ఫ్యాక్షన్ ఫైట్లు’ అనే రాసుకున్నారు. కారావాట్లు, షానావెస్టులు అని జట్లకి పేర్లుండేవి. 1834లో కెర్రీ ప్రాంతంలో బల్లివే అనే చోట నది ఒడ్డున జరిగిన ఒక్క కొట్లాటలోనే పదుల కొద్దీ ప్రాణాలు పోయాయి. మన దేశంలో 1861 పోలీసు చట్టం కింద వచ్చిన వ్యవస్థకి నమూనా ఐరిష్ కానిస్టేబులరీయే. మద్రాసు ప్రెసిడెన్సీ దొరలు మన పల్లె తగాదాలకి ఫ్యాక్షన్ అని రాసుకున్నప్పుడు వాళ్ల చెవికి ఆ మాట కొత్తది కాదు.

ఇంగ్లిషులో ఫ్యాక్షన్ చుట్టూ పెద్ద బంధుగణం ఉంది. వాటిలో కొన్నింటిని మనమూ తెచ్చుకున్నాం, చిత్రంగా వాటిని సరైన కొలతకే వాడుకుంటున్నాం. నాయకుడి చుట్టూ చేరి మిగతావాళ్లని దగ్గరికి రానివ్వని నలుగురూ ‘కోటరీ’. మద్యం దుకాణాల వేలంలో కుమ్మక్కయ్యేవాళ్లు ‘సిండికేటు’. పైరవీలు చేసేవాళ్లు ‘లాబీ’. పండగ రోజు మోటారు సైకిళ్ల మీద ఊరంతా తిరిగే కుర్రాళ్లు ‘బ్యాచి’. కోటరీ అన్నప్పుడు ఎవరికీ నాటుబాంబు గుర్తు రాదు. ఇన్ని తెచ్చుకుని ఒక్క ఫ్యాక్షన్‌కి మాత్రం ఎందుకు కత్తి కట్టాం?

జవాబు ఇంగ్లిషులో దొరకదు. తెలుగులో ఒక పాతమాటని తవ్వితే దొరుకుతుంది. ఆ మాట ‘కక్ష’.

గురజాల కోర్టులోనో నరసరావుపేట కోర్టులోనో వకీలు లేచి ‘మా కక్షిదారు’ అంటాడు. తన క్లయింటు అని అర్థం. ఎదుటివాడు ‘ప్రతికక్షి’. అక్కడ కక్షలో కోపం లేదు, కేసులో ఒకవైపు అనే అర్థమే ఉంది. తమిళంలో ‘కట్చి’ అంటే రాజకీయ పార్టీ, మద్రాసు గోడల మీద పార్టీ పేర్ల చివర కనిపించేది అదే. కన్నడంలోనూ మలయాళంలోనూ ‘కక్షి’ అంటే పార్టీ, కేసులో ఒక పక్షం. ఒకే మాట, నాలుగు భాషలు. మిగతా మూడూ దాన్ని ‘వైపు’ అనే అర్థంలోనే ఉంచుకున్నాయి. తెలుగువాళ్లం కోర్టు ఆవరణ వరకే ఆ అర్థాన్ని మిగుల్చుకుని, బయట మాత్రం పగ అనే అర్థానికి మార్చేశాం. ‘కక్ష కట్టాడు’, ‘కక్ష తీర్చుకున్నాడు’, ‘పాత కక్షలు’. ఫ్యాక్షన్ వచ్చి అదే బండికి కట్టుకుంది. పక్షం పేరు చెబితే పగ వినిపించే చెవి మనకి ముందే ఉంది. ఇంగ్లిషు మాటకి మనం కొత్త అర్థం పుట్టించలేదు, కక్ష నడిచిన దారినే దాన్నీ నడిపించాం.

ఇక ‘పార్టీ’. ఊరివాళ్లు ఇష్టపడే మాట ఇదే, ఎందుకంటే ఇందులో మచ్చ లేదు. ఊళ్లో పార్టీ అంటే జెండా ఉన్న పార్టీయే కానక్కర్లేదు. ఫలానా వారి పార్టీ, ఫలానా వారి పార్టీ అని ఇళ్ల పేర్లతో, వీధుల పేర్లతో రెండుంటాయి. రాష్ట్రంలోని పార్టీలు వచ్చి వాటికి రంగులు వేస్తాయి. ఒక పార్టీ ఒక రంగులోకి వెళ్లిందని తెలిసిన మర్నాడే రెండోది ఎదుటి రంగులోకి వెళ్తుంది. సిద్ధాంతం ఎవరూ అడగరు. ఎదుటివాళ్లు ‘ఎగస్పార్టీ’. కోర్టులో ఒకవైపు హాజరు లేకుండా తీర్పు చెప్పే ‘ఎక్స్ పార్టీ’ ఊళ్లోకి నడిచొచ్చి ఎదుటివాడి పేరై కూర్చున్నట్టుంది. పల్లెవాళ్ల కోర్టు అనుభవం ఎంతటిదో ఈ ఒక్క మాటే చెబుతుంది. పార్టీల మధ్య వైరం ఎంత ముదిరిందో చెప్పడానికి ఇంకా సన్నని మాటలున్నాయి. ‘వాళ్లకీ వీళ్లకీ పడదు’ అన్నది మొదటి మెట్టు. ‘మాటల్లేవు’ రెండోది. పెళ్లికి పిలుపుల్లేకపోవడం, చావుకి కూడా గడప తొక్కకపోవడం ఆ తర్వాతివి. ఫ్యాక్షన్ అనే పెద్దమాట వచ్చి ఈ మెట్లన్నింటినీ చదును చేసేసింది.

‘ముఠా’కి మాత్రం రెండు బతుకులు. గుంటూరు మిర్చియార్డులో బస్తాలెత్తే హమాలీల జట్టూ ముఠాయే, వాళ్ల పెద్ద ముఠామేస్త్రి. 1993లో ఆ పేరుతో చిరంజీవి సినిమా వచ్చింది. మన్యంలో కొన్ని గ్రామాల కూటమి ముఠా, దాని మీద పెత్తనం చేసేవాడు ముఠాదారు. అలాంటి మాటని పత్రికలు ‘ముఠా తగాదాలు’ అని వాడాయి. కమ్యూనిస్టులు తమ పార్టీలో లోపలి గుంపుల్ని తిట్టడానికి ‘ముఠాతత్వం’ అన్నారు. లెనిన్ నాయకత్వంలో రష్యా పార్టీ 1921 పదో కాంగ్రెసులో ఫ్యాక్షన్లను నిషేధించింది. తెలుగులో ఆ ఫ్యాక్షనే ముఠా అయింది. చూడండి, అక్కడ ఇంగ్లిషు అర్థానికి సరిగ్గా సరిపోయే తెలుగు మాట దొరికింది.

‘వర్గం’ సంగతి ఇంకా తమాషా. కమ్యూనిస్టు పుస్తకంలో వర్గపోరాటం అంటే ఉన్నవాళ్ల మీద లేనివాళ్ల పోరు. మర్నాటి పేపర్లో వర్గపోరు అంటే ఇద్దరు ఉన్నవాళ్ల మధ్య పెత్తనం కోసం జరిగే కొట్లాట, అందులో దెబ్బలు తినేది లేనివాళ్లు. ‘పోరాటం’ తెగి ‘పోరు’ అయ్యేసరికి అర్థం తలకిందులైంది. నల్లమల అంచున ఉన్న దుర్గి, వెల్దుర్తి లాంటి మండలాలు ఈ రెండు రకాల పోరులూ చూశాయి. ఒకే మనిషి చావుకి ఒకరు ఒక మాటా ఇంకొకరు రెండో మాటా వాడిన రోజులూ ఉన్నాయి.

ఇంగ్లిషువాళ్లు ఫ్యాక్షన్ అనే మాటని సరిగ్గా వాడే చోటు రాజకీయ పార్టీల చీలిక. దానికి మనవాడే మంచి ఉదాహరణ. నరసరావుపేట ప్రాంతం నుంచి వచ్చి 1964 నుంచి 1971 వరకు ముఖ్యమంత్రిగా చేసిన కాసు బ్రహ్మానందరెడ్డి, 1978 జనవరిలో కాంగ్రెస్ చీలినప్పుడు జాతీయాధ్యక్షుడు. ఇందిరాగాంధీ వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆయన వైపు మిగిలినదాన్ని తెలుగులో ‘రెడ్డి కాంగ్రెస్’ అన్నారు. ఇంగ్లిషులో దాన్ని ‘రెడ్డి ఫ్యాక్షన్’ అని రాస్తే తప్పేమీ ఉండదు. తెలుగులో అలా రాసి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోండి. 2022లో శివసేన చీలినప్పుడూ అంతే. ఇంగ్లిషు పేపర్లు ‘షిండే ఫ్యాక్షన్’ అన్నాయి, మన సబ్ ఎడిటర్లు అలవాటుగా ‘షిండే వర్గం’ అని మార్చారు. ఎందుకు మార్చారని అడిగితే నవ్వుతారు. షిండే ఫ్యాక్షన్ అంటే పాఠకుడికి సినిమాల్లోని సుమోలు కనిపిస్తాయి మరి. ఎన్నికల సంఘానికి ఈ బాధ లేదు. పార్టీలు చీలినప్పుడు గుర్తు ఎవరికివ్వాలో చెప్పే 1968 నాటి ఉత్తర్వులో పదిహేనో పేరా చీలిక గ్రూపులనీ, పోటీపడే వర్గాలనీ పొడిపొడిగా రాసి ఊరుకుంది.

పరిశోధకులు ఈ మాటని ఏం చేశారన్నది వేరే కథ. 1954లో ఆస్కార్ లూయిస్ ఢిల్లీ దగ్గర రాంపూర్ అనే ఊరి గురించి రాస్తూ, అక్కడివాళ్లు ‘ధడ్’ అని పిలుచుకునే జట్లకి ఫ్యాక్షన్ అని పేరు పెట్టాడు. ఆయన చూసిన ధడ్‌లు కొట్లాటకి మాత్రమే కాక పెళ్లి ఖర్చుకీ, కోర్టు కేసుకీ, పంట పనికీ ఒకరికొకరు అక్కరకొచ్చేవి. 1965లో రాల్ఫ్ నికొలస్ లక్షణాలు కట్టాడు: ఫ్యాక్షన్ తగవు కోసం పుడుతుంది, రాజకీయానికి పనికొస్తుంది, శాశ్వతం కాదు, ఒక నాయకుడు మనుషుల్ని కూడగడతాడు, ఆ కూడగట్టడానికి చుట్టరికం, అప్పు, కులం, కూలి ఏదైనా ఆధారం కావొచ్చు. మన ఊరి పార్టీలకి ఇది బాగానే అతుకుతుంది. మైరన్ వీనర్ 1967లో తెచ్చిన కాంగ్రెస్ పుస్తకానికి దేశంలో ఎంచుకున్న అయిదు చోట్లలో గుంటూరు ఒకటి. పల్నాడు అప్పుడు అందులో భాగమే. ఇన్ని గ్రూపులుండి కూడా కాంగ్రెస్ ఎలా నిలబడింది అన్నది ఆయన ప్రశ్న. కెరొలిన్ ఇలియట్ 1970లో రెడ్లు, కమ్మల గురించి రాస్తూ కులం, ఫ్యాక్షన్ ఒకదాన్నొకటి ఎలా కోసుకుంటాయో చూసింది. ఇక్కడి ఊళ్లలో చాలా తగవులు ఒకే కులంలోని పెద్దల మధ్యవే కాబట్టి ఆ చూపు నాకు నచ్చుతుంది.

వీళ్లందరికీ ఎదురు తిరిగినవాడు డేవిడ్ హార్డిమన్. 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో ‘భారతీయ ఫ్యాక్షన్’ అనే సిద్ధాంతాన్నే బోను ఎక్కించాడు. ఈ మాట వాడితే రైతు కూలీలు పెద్దమనుషుల వెనక గొర్రెల్లా నడిచేవాళ్లుగా కనిపిస్తారని, వాళ్ల లెక్కలు, వాళ్ల కోపాలు కనిపించకుండా పోతాయని అతని వాదన. అతను గుజరాత్ చూసి రాశాడు. కానీ ఆ మాట మాచర్ల బస్టాండులో నిలబడి చదివినా చెల్లుతుంది.

తెలుగు పాఠకుడి మనసులో ఫ్యాక్షన్‌ని గట్టిగా నాటింది మాత్రం ఈ పుస్తకాలు కావు, సినిమాలు. ‘ప్రేమించుకుందాం రా’ 1997, ‘సమరసింహారెడ్డి’ 1999, ‘నరసింహనాయుడు’ 2001, ‘ఆది’, ‘ఇంద్ర’ 2002. అయిదారేళ్లలో ఒక ప్రాంతపు నొప్పి ఒక సినిమా జాతి పేరైంది. రాయలసీమ రచయితలు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. సీమ ముఠాకక్షల గురించి హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ రాసినప్పుడు గనులు, కాంట్రాక్టులు, ఎన్నికల పెత్తనం లెక్కలు తీశారు. సినిమా వాటిని పక్కనపెట్టి తొడగొట్టడాన్ని ఉంచుకుంది. 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ అని పేరు పెట్టినప్పుడు ఆ పోత పల్నాటి మీదికి వచ్చింది, 2022లో ‘మాచర్ల నియోజకవర్గం’ దాకా సాగింది. సీమ మాట ఇక్కడికి దిగుమతి కావడంలో ఈ సినిమా పేర్ల వాటా తక్కువేం కాదు.

ఇక్కడే చాలామంది చేసే ఒక అతుకు ఉంది. పల్నాటి యుద్ధమే తెలుగునాట మొదటి ఫ్యాక్షన్ అంటారు, సభల్లో కూడా అంటారు. నాకు ఇది ఒప్పుకోవాలనిపించదు. 1180 ప్రాంతంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగింది హైహయ రాజ్యపు వారసత్వ యుద్ధం. నలగామరాజు, మలిదేవరాజు సవతి అన్నదమ్ములు. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. అందులో శైవ వైష్ణవాల పోటీ ఉంది, అన్ని కులాల్నీ ఒక చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు ఉంది, మాల కన్నమదాసు సేనాపతి కావడం ఉంది. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపదలో బాలచంద్రుడి యుద్ధ భాగాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చేశారు. నోటి కథని అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి 1982లో పుస్తకం తెచ్చాడు. ఆ కథని ఒక్క ‘ఫ్యాక్షన్’లో కుక్కితే చాపకూడు కింద పడిపోతుంది. కారెంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల తిరనాళ్ల అయిదు రోజుల పేర్లు చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పోరుకి ముందు రాయబారానికి ఒక రోజు మొత్తం కేటాయించిన ఊరు అది.

ఈ కథలోంచే ఇంకో పర్యాయపదం వచ్చింది, ‘పౌరుషం’. ‘పల్నాటి పౌరుషం’ అంటే ఫ్లెక్సీ మీద వేసుకునే మాట. పుల్లరి కట్టనని 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర తూటాలకి ఒరిగిన కన్నెగంటి హనుమంతుకి ఆ మాట నిజంగా తగుతుంది. కానీ పంచాయతీ నామినేషన్ పత్రం చింపేసినవాడికీ అదే మాట వాడతారు. మనవాడు చేస్తే పౌరుషం, ఎగస్పార్టీవాడు చేస్తే రౌడీయిజం, మూడోవాడు దూరాన్నుంచి చూస్తే ఫ్యాక్షన్. మూడు పేర్లకీ పని ఒక్కటే.

వ్యతిరేక పదం సంగతి కూడా చూడాలి. ఫ్యాక్షన్ లేని ఊరు అంటే ఏమిటి? ప్రభుత్వ భాషలో దాని పేరు ‘ఏకగ్రీవం’, పంచాయతీ ఏకగ్రీవమైతే నజరానా కూడా ఇస్తారు. ఒకే మెడ అని మాటకర్థం. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్ల వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. కాగితం చూసినవాడు రాష్ట్రంలో ఇంత సఖ్యత ఇంకెక్కడా లేదనుకోవాలి. నామినేషన్ వెయ్యనివ్వలేదని ప్రతిపక్షం అంది, పోటీ చేసేవాళ్లు లేరని అధికారపక్షం అంది. 2019 సెప్టెంబరులో దుర్గి మండలం ఆత్మకూరు విషయంలోనూ ఇదే వరస. ఊరొదిలి వచ్చిన కుటుంబాల్ని ఒకరు బాధితులన్నారు, ఇంకొకరు అదంతా రాజకీయ నాటకమన్నారు. 2024 మే 13న పోలింగు రోజు రెంటచింతల మండలం పాల్వాయి గేటు కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. పోలింగు జరిగిన మూడు రోజులకి కలెక్టర్ని బదిలీ చేశారు, ఎస్పీని సస్పెండ్ చేశారు. ఎన్నికల సంఘం దాన్ని ‘ఎన్నికల హింస’ అంది. టీవీలు ‘భగ్గుమన్న ఫ్యాక్షన్’ అన్నాయి. పోలింగ్ బూత్‌లో యంత్రం పగలగొట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టం కింద నేరం. దానికి కక్ష ఉండనక్కర్లేదు, తాతల నాటి చరిత్ర అసలే అక్కర్లేదు.

తగవులకి ఇక్కడ కారణాలు లేకపోలేదు, ఉన్నవన్నీ లెక్కకి అందేవే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నీళ్లు 1967లో కుడికాలువలోకి వచ్చాక చేలకి రేటు పెరిగింది. కాలువ చివర ఎవరి చేను ముందు తడవాలన్నది తగవైంది. పిడుగురాళ్ల చుట్టూ సున్నపురాయి, సిమెంటు, వాటి రవాణా. సర్పంచి పదవి, చౌకదుకాణం, మద్యం షాపు, రోడ్డు కాంట్రాక్టు. ఒక్కో హత్య వెనక వీటిలో ఒకటో రెండో ఉంటాయి. ‘పాత కక్షలు’ అని వార్త ముగిస్తే అవేవీ బయటికి రావు.

అంతకన్నా పెద్ద అన్యాయం మరొకటి. ఫ్యాక్షన్, వర్గపోరు, ఘర్షణ, వీటన్నింటికీ రెండు పక్షాలు కావాలి, రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. 1985లో కారంచేడు, 1991 ఆగస్టు 6న ఇదే పాత గుంటూరు జిల్లాలోని చుండూరు. అక్కడ ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి చంపారు. దాన్ని ఘర్షణ అనడానికి నోరు ఎలా వస్తుంది? ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మాచర్ల వైపు ఊళ్లలోనూ పార్టీల గొడవగా నమోదైనవాటిలో ఎన్ని నిజంగా రెండు పక్షాలవో, ఎన్ని ఒక పక్షం చేతిలో పల్లె చివరి వాడలు తిన్న దెబ్బలో ఒక్కొక్కటిగా విప్పి చూడాల్సిందే. మూకుమ్మడి పేరు ఆ పని చేయనివ్వదు.

చట్టం ఈ మాటని దగ్గరికి రానివ్వదు. పాత శిక్షాస్మృతిలో గానీ, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గానీ ఫ్యాక్షన్ అనే నేరం లేదు. చట్టవిరుద్ధంగా గుమికూడటం ఉంది, అల్లరి ఉంది, ఉమ్మడి ఉద్దేశం ఉంది, హత్య ఉంది. శాంతి కోసం పూచీ తీసుకునే, పాత నేర ప్రక్రియా స్మృతిలోని 107 సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 126, నలుగురు గుమికూడకూడదనే 144 ఇప్పుడు 163. జనం ఇంకా 144 అనే అంటున్నారు, ఇంకో తరం అంటారు కూడా. పోలీసులు రాసుకునే మాటలు వేరు: సమస్యాత్మక గ్రామం, అత్యంత సమస్యాత్మక గ్రామం, బైండోవర్, రౌడీషీటు, పికెట్.

చట్టం పట్టించుకోకపోయినా కోర్టులో ఆ మాట పని చేస్తూనే ఉంటుంది. పక్షాల మధ్య వైరం రెండంచుల కత్తి అని న్యాయమూర్తులు తరచూ అంటారు. చంపడానికి అదే కారణం, చంపనివాణ్ని ఇరికించడానికీ అదే కారణం. 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది కూడా ఉత్తరప్రదేశ్‌లో రెండు పక్షాలుగా చీలిన ఒక ఊరే. అలాంటి ఊళ్లో సాక్షులు పక్షంవాళ్లే అయి ఉంటారు గనక వాళ్ల మాటని జాగ్రత్తగా తూచాలని, అంతమాత్రాన తోసెయ్యకూడదని కోర్టు చెప్పింది. పెద్ద గుంపు మీద కేసయితే కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒక మనిషి గురించి పొంతన కుదిరేలా చెప్పాలన్నది అందులో తేలిన కొలత. మన కోర్టుల్లో ముఠా కేసుల వాదనల్లో ఈ తీర్పు పేరు నేటికీ వినపడుతుంది. ‘అది ఫ్యాక్షన్ ఊరు’ అని డిఫెన్సు వకీలు మొదలుపెట్టాడంటే, భర్త గుమ్మం ముందు పడిపోవడం చూసిన ఆడమనిషి కూడా అప్పటికి ‘ఆ పక్షం మనిషి’ అయిపోతుంది. ఇక ఆవిడ చెప్పాల్సింది ఎవరు వచ్చారు, ఎవరి చేతిలో ఏముంది, ఏ దెబ్బ ఎవరు వేశారు, తను ఎక్కడ నిలబడి చూసింది, అప్పుడు వెలుతురుందా అన్నవి. ఆవిడ వాంగ్మూలంలో ఫ్యాక్షన్ అన్న మాట ఎక్కడా అవసరం రాదు.